దీవుల నడుమ సొంత పడవలో: కుటుంబంతో బయలుదేరే ముందు

రామగిరి కొండల మీది గాలిమరలు ఏ నెలల్లో వేగంగా తిరుగుతాయో ఈ ప్రాంతంలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి గాలి తెరిపి లేకుండా వీస్తుంది. మనకు వాన అంతగా తేకపోయినా, మరలను మాత్రం తిప్పుతుంది. అదే నైరుతి పవనం బంగాళాఖాతం దాటి అండమాన్ దీవులను చేరేసరికి సముద్రాన్ని కల్లోలపరుస్తుంది. కాబట్టి దీవుల యాత్ర తలపెట్టే రామగిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం కుటుంబాలకు మేము చెప్పదలచిన మొదటి మాట సులభంగా గుర్తుండేదే: మన కొండ మీద మరలు జోరుగా తిరిగే కాలంలో చిన్న పడవ ఎక్కే ఆలోచన పెట్టుకోకండి.

బెంగుళూరు విమానాశ్రయం మన ప్రాంతానికి జాతీయ రహదారి మీద కొద్ది గంటల దూరంలోనే ఉంది. అక్కడి నుండి అండమాన్‌కు విమానాలున్నాయి. అందువల్ల ఒకనాడు మనకు ఊహకందని దీవుల ప్రయాణం నేడు సెలవుల ముచ్చట్లలోకి వచ్చింది. మన ఇళ్ళలో ఈ ముచ్చటతో పాటు మరొక కోరిక కూడా వినిపిస్తుంది. గుంపులో కాకుండా, ఒక పడవను పూర్తిగా మన కుటుంబానికే అద్దెకు తీసుకుంటే బాగుంటుందని. స్త్రీలకు మరుగు ఉంటుంది, నమాజు వేళకు ఆగవచ్చు, పిల్లలు స్వేచ్ఛగా ఉంటారు, తినే ఆహారం మన చేతిలో ఉంటుంది. ఈ కోరికలో తప్పేమీ లేదు. కానీ దానితో పాటు ఒక బాధ్యత మన భుజాల మీదికి వస్తుందని చాలామంది గమనించరు.

పెద్ద ఓడలో ప్రయాణిస్తే బయలుదేరాలా వద్దా అన్నది రేవు అధికారులు, ఓడ కెప్టెన్ నిర్ణయిస్తారు. ప్రయాణికుని ఇష్టాయిష్టాలతో వారికి పని లేదు. సొంతంగా అద్దెకు తీసుకున్న పడవలో పరిస్థితి వేరు. డబ్బు ఇచ్చే పెద్దమనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు. "ఇంత దూరం వచ్చాము, రేపు మా విమానం, ఎలాగైనా తీసుకెళ్ళు" అంటాడు. పడవ నడిపే సరంగుకు ఆ రోజు కూలి పోతుందన్న భయం. సముద్రం బాగాలేదని తెలిసినా, కాదనలేక తాడు విప్పుతాడు. ఈ వ్యాసంలో మేము చెప్పే జాగ్రత్తలన్నింటికీ మూలం ఇక్కడే ఉంది: వద్దు అని చెప్పే స్వేచ్ఛను సరంగుకు మనమే ఇవ్వాలి, ఆ మాట విని ఆగగలిగే తీరిక మన ప్రయాణంలో ముందే ఉంచుకోవాలి.

మరువకూడని దుర్ఘటనలు

2023 మే 7న కేరళలోని తానూరు వద్ద పొద్దుగూకిన వేళ విహారపు పడవ బోల్తా పడి 22 మంది మరణించారు. వారిలో పదకొండు మంది ఒకే కుటుంబానికి చెందినవారు. అది చేపల పడవను మార్చి తయారుచేసిన పడవ. మోయగలిగిన దానికంటే ఎక్కువ మందిని ఎక్కించారు. 2014 జనవరి 26న అండమాన్‌లో పర్యాటకుల పడవ మునిగి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అక్కడా పరిమితిని మించిన జనమే. 2019 సెప్టెంబరు 15న మన గోదావరిపై కచ్చులూరు వద్ద వరద ఉరవడిలో పడవ మునిగినప్పుడు అందులో ఉన్న 77 మందిలో ప్రాణాలతో బయటపడినవారు 26 మంది మాత్రమే.

ఈ మూడింటిలో ఏదీ తుపాను నడిమధ్య జరిగినది కాదు. పడవ కదలక ముందే, ఒడ్డున నిలబడి ఉన్నప్పుడే, ఆగవలసిన కారణం కళ్ళెదుట ఉంది. మన ప్రాంతానికి మరొక లోటు కూడా ఉంది. వెనుకటి తరం పిల్లలు దిగుడు బావుల్లో ఈత నేర్చుకునేవారు. బావులు ఎండి బోర్లు వచ్చాక ఆ అవకాశం పోయింది. ఈత రాని కుటుంబం సముద్రం మీదికి వెళ్ళకూడదని మేము అనము. అయితే ఈత వచ్చిన వారికంటే రెట్టింపు జాగ్రత్త దానికి అవసరం.

ఏ కాలంలో, ఎన్ని రోజులు?

అండమాన్ సముద్రం సాధారణంగా శాంతంగా ఉండేది జనవరి నుండి ఏప్రిల్ వరకు. మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. దసరా, క్రిస్మస్ సెలవులలో వెళ్ళేవారు ఈ సంగతి మరువరాదు. 2016 డిసెంబరులో వాయుగుండం కారణంగా హేవ్‌లాక్, నీల్ దీవులలో వెయ్యి మందికి పైగా పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. వారిని నౌకాదళం, తీర రక్షక దళం వచ్చి తరలించవలసి వచ్చింది. దీవిలో ఆగిపోయినవారు క్షేమంగా ఇళ్ళకు చేరారు. ఆగడం వల్ల పోయింది కొంత డబ్బు, కొన్ని రోజులు మాత్రమే.

అందుచేత ఐదు రోజుల యాత్ర అనుకుంటే ఏడు రోజులు కేటాయించండి. ఆ రెండు రోజులలో ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. పడవ ప్రయాణాన్ని తిరుగు విమానానికి ముందు రోజున ఎన్నడూ ఉంచకండి. వెళ్ళిన రెండవ, మూడవ రోజులలోనే పెట్టుకోండి. ఆ రోజు గాలి బాగాలేకపోతే మరుసటి రోజు ఉంటుంది. రమజాన్ నెలను కూడా ఈ యాత్రకు ఎంచుకోకపోవడం మంచిది. ఎండలో, ఉప్పు గాలిలో శరీరానికి నీరు ఎంతో అవసరం.

తొలిసారి వెళ్ళేవారికి ఏ దీవులు?

మన దేశంలో రెండు దీవుల సముదాయాలున్నాయి. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని, హేవ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీపం అని, నీల్‌కు షహీద్ ద్వీపం అని పేర్లు మార్చారు. టికెట్లలో పాత పేర్లు, కొత్త పేర్లు రెండూ కనబడతాయి. ఆదిమ తెగల ప్రాంతాలు తప్ప మిగతా చోట్లకు భారత పౌరులకు ప్రత్యేక అనుమతి అవసరం లేదు. అక్కడ తెలుగువారికి కొదవ లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మన ఇళ్ళలో మాట్లాడే దక్కనీ ఉర్దూ కూడా అక్కడి హిందుస్తానీ వాడుకకు దగ్గరిదే. కాబట్టి సరంగును అడగవలసినవన్నీ మన నోటితోనే అడగవచ్చు.

రెండవది లక్షద్వీప్. అక్కడి జనాభాలో అత్యధికులు ముస్లింలు. పది దీవులలోనే జనావాసం ఉంది. కొచ్చి నుండి ఓడ, విమానం రెండూ ఉన్నాయి. అయితే భారతీయులైనా సరే, ముందుగా ప్రవేశ అనుమతి పొందవలసిందే. ఆ దీవుల చుట్టూ పగడపు గోడ ఉండి, దాని లోపల నీరు సరస్సులా ఉంటుంది. బయటి అలలు ఆ గోడ మీదనే విరిగిపోతాయి. చిన్నపిల్లలతో మొదటిసారి పడవ ఎక్కే కుటుంబానికి ఆ లోపలి నీరే తగినది. బహిరంగ సముద్రంలో దీవి నుండి దీవికి పడవలో తిరగడం రెండవ యాత్రకు వాయిదా వేసుకోవచ్చు.

పడవను కుదుర్చుకునేటప్పుడు

దళారి చూపించే ఫొటోలను చూసి అడ్వాన్సు ఇవ్వకండి. రేవుకు వెళ్ళి పడవను కళ్ళారా చూడండి. ఈ ప్రశ్నలకు జవాబు దొరకాలి.

మొదటిది, రిజిస్ట్రేషన్ పత్రం, తనిఖీ పత్రం ఉన్నాయా? ఎంతమందిని ఎక్కించుకోవచ్చని అందులో రాసి ఉంది? చంటిబిడ్డను కూడా ఒక మనిషిగానే లెక్కించండి. "పిల్లలే కదా, సర్దుకుందాం" అన్న మాట రైలు బెర్తుకు చెల్లుతుంది, పడవకు చెల్లదు.

రెండవది, ఇంజన్లు ఎన్ని? ఒక్కటే అయితే, అది ఆగిపోతే ఏమి చేస్తారు? లంగరు, దానికి చాలినంత తాడు పడవలో ఉన్నాయా? ఇంజను ఆగిన పడవను రాళ్ళ మీదికి కొట్టుకుపోకుండా ఆపగలిగేది లంగరే.

మూడవది, వైర్‌లెస్ సెట్ ఉందా? దీవుల మధ్య చాలాచోట్ల సెల్ ఫోన్ పనిచేయదు. సముద్రంలో ఆపద సందేశానికి వాడేది వీహెచ్ఎఫ్ 16వ ఛానెల్. దానిని ఎలా నొక్కి మాట్లాడాలో సరంగుతో పాటు మన కుటుంబంలో ఒకరు నేర్చుకోవాలి. సరంగే నీటిలో పడిపోతే, సాయం కోసం పిలవవలసింది మనమే.

నాలుగవది, వెళ్ళి రావడానికి సరిపోయే డీజిలు గాక, అందులో సగమైనా అదనంగా ఉందా?

ఈ నాలుగూ సరిపోయాక, బేరం కుదిరిన చోటనే సరంగుతో ఒక మాట స్పష్టంగా చెప్పండి: "రేపు ఉదయం నీకు సముద్రం నచ్చకపోతే బయలుదేరవద్దు. దారిలో నచ్చకపోతే వెనక్కు తిప్పు. నీ కూలి నీకు ఇస్తాము." ఈ మాటకు అయ్యే ఖర్చు ఒక రోజు అద్దె. దానిని యాత్ర ఖర్చులోనే ముందుగా కలుపుకోండి.

అలల లెక్క, చంద్రుని లెక్క

సముద్రం గురించిన అధికారిక సమాచారం మనకు దూరంగా ఏమీ లేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ దేశపు తీరాలన్నింటికీ, దీవులకూ అలల ఎత్తును, ఉప్పెన హెచ్చరికలను ప్రతిరోజూ ప్రకటిస్తుంది. సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే ఉంది. సూచనలో ఇచ్చే అంకెను ఒక జాగ్రత్తతో చదవాలి. అల ఎత్తు 1.5 మీటర్లు అని ఉంటే, అది పెద్ద అలల సగటు మాత్రమే. విడిగా వచ్చే ఒక అల దానికి దాదాపు రెట్టింపు ఉండవచ్చు. పిల్లలు, వృద్ధులు ఉన్న చిన్న పడవకు 1 మీటరు దాటిన రోజు ఒడ్డున ఉండడమే మేలని మా సలహా.

ఆటుపోట్లను తెలుసుకోవడానికి మన ఇళ్ళలో ఒక సాధనం ఇప్పటికే ఉంది. అది గోడ మీది హిజ్రీ క్యాలెండరు. పోటు, ఆటు చంద్రుని గతిని అనుసరిస్తాయి. నెలవంక కనిపించిన తొలి రెండు రోజులు, తిరిగి 14 నుండి 16వ తేదీ వరకు పోటు అన్నింటికంటే ఎక్కువ, ఆటు అన్నింటికంటే తక్కువ. అండమాన్‌లో ఈ రెంటి మధ్య తేడా సుమారు 2 మీటర్ల దాకా ఉంటుంది. 8, 22 తేదీల ప్రాంతంలో తేడా స్వల్పం. రోజుకు రెండు పోట్లు వస్తాయి. నేటి పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. తేడా ఎక్కువ ఉన్న రోజులలో దీవుల మధ్య ఇరుకు దారులలో ప్రవాహం బలంగా ఉంటుంది. ఆటు సమయంలో పగడపు దిబ్బలు పైకి తేలి, ఉదయం సులభంగా ఒడ్డు చేరిన పడవ మధ్యాహ్నం కదలలేకపోవచ్చు. కుటుంబంతో వెళ్ళేవారు 8, 22 తేదీల చుట్టూ ప్రయాణం పెట్టుకుంటే సగం చిక్కులు తప్పుతాయి. కచ్చితమైన వేళలను మాత్రం రేవులో అడిగి తెలుసుకోవాలి.

పగడాల నడుమ పడవ నడపవలసింది సూర్యుడు పైకి వచ్చాకే. ఉదయం 9 నుండి మధ్యాహ్నం 3 వరకు, ఎండ మన వెనుక నుండి పడుతున్నప్పుడు, నీటి రంగు లోతును చెబుతుంది. ముదురు నీలం లోతైన నీరు. లేత ఆకుపచ్చ ఇసుక మీది తక్కువ లోతు. గోధుమరంగు మచ్చ పగడపు దిబ్బ. ఎండ ఎదురుగా ఉన్నా, మబ్బు పట్టినా ఈ రంగులు కనిపించవు.

ఇంకొక సంగతి. అండమాన్ మనకు తూర్పున సుమారు 15 డిగ్రీల రేఖాంశం దూరంలో ఉంది. గడియారం మాత్రం ఒకటే. అందువల్ల అక్కడ సూర్యుడు రామగిరి కంటే దాదాపు గంట ముందే అస్తమిస్తాడు. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే మగ్రిబ్ వేళ అవుతుంది. "ఇంకా నాలుగే కదా" అనుకుంటూ దీవిలో కూర్చుంటే చీకటిలో తిరిగి రావలసి వస్తుంది. 3 గంటలకల్లా తిరుగు ప్రయాణం మొదలు కావాలి.

దుస్తులు, లైఫ్ జాకెట్లు, పిల్లలు

లైఫ్ జాకెట్ పడవలో ఉండడం వేరు, ఒంటి మీద ఉండడం వేరు. పడవ బోల్తా పడడానికి పట్టేది కొన్ని క్షణాలు. ఆ తర్వాత సీటు కింద నుండి జాకెట్ తీసి తొడుక్కునే వ్యవధి ఎవరికీ ఉండదు. ఎక్కిన క్షణం నుండి దిగే వరకు అందరూ ధరించాలి. పిల్లల జాకెట్లు వారి బరువుకు తగినవై ఉండాలి. పెద్దల జాకెట్ వేసుకున్న పిల్లవాడు నీటిలో దాని నుండి జారిపోతాడు. భుజాల వద్ద పట్టుకుని పైకి ఎత్తి చూడండి. జాకెట్ చెవుల దాకా లేచి వస్తే అది పనికిరాదు. కాళ్ళ మధ్య నుండి కట్టే పట్టీ ఉన్నది ఉత్తమం.

బురఖా ధరించే స్త్రీలు జాకెట్‌ను అన్ని దుస్తులకూ పైన వేసుకోవాలి. బురఖా లోపల కాదు. పొడవాటి, బరువైన వస్త్రం తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటుంది. పాదాల వరకు జీరాడే అబాయాకు బదులు, ఒళ్ళంతా కప్పే తేలికైన సల్వారు కమీజు, పిన్నులతో బిగించిన తలగుడ్డ పడవకు అనువైనవి. మరుగుకూ భద్రతకూ మధ్య ఇక్కడ పోటీ ఏమీ లేదు. ముందుగా ఆలోచించి కుట్టించుకుంటే రెండూ సాధ్యమే.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒక్కొక్కరే కదలాలి. చిన్న పడవలో మధ్య భాగంలో అడుగు వేసి వెంటనే కూర్చోవాలి. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు చేరడం అత్యంత ప్రమాదకరం. ఎవరైనా నీటిలో దిగి ఉండగా ఇంజను నడవకూడదు. పిల్లల బాధ్యతను "అందరం చూస్తాం" అని వదిలేయకుండా, ఒక్కొక్క పిల్లవాడికి ఒక పెద్దను పేరుపెట్టి నియమించండి.

నీరు, ఆహారం, నమాజు

మనిషికి రోజుకు 3 నుండి 4 లీటర్ల మంచినీరు లెక్కపెట్టుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు, టోపీలు వెంట ఉండాలి. కడుపులో తిప్పే గుణం ఉన్నవారు వైద్యుని సలహాతో మాత్రను బయలుదేరడానికి ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేసుకుంటే ఫలితం తక్కువ. బిర్యానీ తిని పడవ ఎక్కవద్దు. ఇడ్లీ, బ్రెడ్డు, అల్లం ముక్క చాలు. పడవ వెనుక భాగంలో కూర్చుని దూరపు దిగంతాన్ని చూస్తే తిప్పడం తగ్గుతుంది. గర్భిణులు, వెన్నునొప్పి ఉన్నవారు స్పీడు బోటు ఎక్కకపోవడం మంచిది. అది అల మీద ఎగిరిపడే అదురు చిన్నది కాదు.

నమాజు వేళలను ఇంటి పట్టిక నుండి తీసుకుపోవద్దు; పైన చెప్పిన గంట తేడా వీటికీ వర్తిస్తుంది. ఖిబ్లా దిశ మాత్రం మన ప్రాంతంలో ఉన్నట్టే, పడమర నుండి కొంచెం ఉత్తరం వైపు. ప్రయాణికులకు ధర్మం ఇచ్చిన ఖస్ర్ సౌలభ్యం ఉండనే ఉంది. ఊగే పడవలో నిలబడితే పడిపోయే ప్రమాదం ఉన్నవారు కూర్చుని చేసుకోవచ్చు. వీలైతే దీవి ఒడ్డున దిగిన సమయానికి జొహర్ కుదిరేలా ప్రయాణాన్ని అమర్చుకోండి. ఒకేసారి అందరూ ఒకే పక్కన నిలిచే జమాఅత్ చిన్న పడవలో వద్దు.

చేరకూడని చోట్లు, తేకూడని వస్తువులు

ఉత్తర సెంటినెల్ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్ళు, అంటే 9 కిలోమీటర్లకు పైగా, నిషిద్ధ ప్రాంతం. ఆదిమ తెగల రక్షణకు 1956 నాటి నిబంధన ఉంది. "దూరం నుండి చూపిస్తాను" అనే పడవవాడితో బేరమే వద్దు. అక్కడి ప్రజలకు మన జలుబు కూడా ప్రాణాంతకం కావచ్చు. మడ అడవుల వాగులలో ఉప్పునీటి మొసళ్ళు ఉంటాయి; హెచ్చరిక బోర్డు ఉన్న చోట నీటిలో చేయి కూడా పెట్టకండి. పగడపు ముక్కను గుర్తుగా తెచ్చుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు. లంగరును ఇసుక మీదనే వేయమని సరంగుకు చెప్పండి. పగడం పెరిగేది ఏడాదికి కొద్ది సెంటీమీటర్లు. లంగరు దానిని ఒక్క దెబ్బతో విరగ్గొడుతుంది.

ఒడ్డున వదిలి వెళ్ళవలసిన కాగితం

ఒంటెను కట్టేసిన తర్వాతే దైవంపై భారం వేయాలన్న బోధ మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. సముద్రంలో ఆ కట్టుతాడు ఒక చిన్న కాగితం. బయలుదేరే ముందు అందులో ఇవి రాసి, బస చేసిన చోట ఒకరికి ఇవ్వండి: పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సరంగు ఫోను నంబరు, ఎక్కిన వారందరి పేర్లు, వెళ్ళే దీవి, తిరిగి చేరే గంట. ఆ గంట దాటి మరొక గంట గడిచినా మీ నుండి కబురు లేకపోతే తీర రక్షక దళానికి 1554కు ఫోను చేయమని అదే కాగితం కింద రాయండి. వెతికేవారికి ఎక్కడ వెతకాలో తెలిస్తే గంటల్లో చేరుకుంటారు.

పడవ తిరగబడితే దానిని వదిలి ఈదవద్దు. బోల్తా పడిన పడవ కూడా చాలాసేపు తేలుతుంది. వెతికేవారికి మనిషి తల కంటే పడవ త్వరగా కనబడుతుంది. పిల్లలను మధ్యలో ఉంచి, ఒకరినొకరు పట్టుకుని, పడవను అంటిపెట్టుకుని ఉండండి. ఒడ్డున ఉండగా భూమి బలంగా గాని, ఎక్కువసేపు గాని కంపిస్తే, 2004 డిసెంబరు 26ను గుర్తు తెచ్చుకుని ఎవరి హెచ్చరిక కోసమూ ఆగకుండా ఎత్తైన చోటికి నడవండి.

ఈ యాత్రకు ఖర్చుల పట్టిక వేసుకునే కుటుంబాలు విమానం టికెట్ల కంటే ముందు మూడు వరుసలు రాసుకోవాలని మా మనవి: రెండు ఖాళీ రోజుల బస, వృథా అయినా ఇవ్వవలసిన ఒక రోజు పడవ అద్దె, పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు. ఈ మూడింటికీ డబ్బు చాలకపోతే యాత్రను ఒక ఏడాది వాయిదా వేయండి. ఆ ఏడాదిలో పిల్లలకు, వీలైతే తల్లులకు కూడా, ఈత నేర్పించండి.